మంద దిగని చేను

మా తోడికోడలి చేను చూసి నేను మూడేళ్ళు కుళ్ళిపోయాను. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి చాలా కాలం పట్టింది. ఇన్నాళ్ళూ దానికి వేరే పేర్లు పెట్టుకున్నాను. బాధ అన్నాను, అన్యాయం అన్నాను, మా ఆయన మెతకతనం అన్నాను. అవేవీ కావు. వట్టి కుళ్ళు.

మా ఊరు కళ్యాణదుర్గం పక్కన. మా మామ పోయాక ఆరెకరాల ఎర్రనేల అన్నదమ్ములకు చెరి మూడెకరాలు వచ్చింది. మధ్యలో ఒక గెనిమ. ఎద్దు ఒక్క అడుగులో దాటే గట్టు అది. ఇద్దరం వేరుశనగే, మా మాటలో చెనిక్కాయే వేస్తాం. విత్తనం ఒకే మూటలోంచి పంచుకుంటాం, విత్తేది ఒకే రోజు. అయినా గెనిమకు అవతల చెట్లు ముదురాకుపచ్చగా గుబురుగా ఎదిగేవి. ఇవతల నావి జానెడు లేచి, పసుపు తిరిగి, ఊడలు దిగే వేళకు నీరసపడిపోయేవి. పంట పోతే వానను తిట్టుకుని ఊరుకునే సీమ మాది. నాకు ఆ దారి కూడా లేకపోయింది. నా చేను మీద కురవని వాన గెనిమ దాటి వాళ్ళ చేను మీద మాత్రం కురిసిందని చెబితే ఎవరు నమ్ముతారు?

తేడా అంతా గొర్రెల దగ్గర ఉంది.

కాయ పెరికేశాక, మళ్ళీ వానలు పడేలోపు, గుమ్మఘట్ట వైపు నుంచి గొర్రెల వాళ్ళు మందలు తోలుకుని మా పక్కకు వస్తారు. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడతారు. పగలంతా బీళ్ళలో మేపుకుని, పొద్దుగూకాక ఎవరో ఒకరి చేలో వల కట్టి మందను నిలుపుతారు. మరునాడు వలను పక్కకు జరుపుతారు. అలా పది పదిహేను రోజులు మంద దిగితే ఆ చేనికి పెంటికలూ ఉచ్చా పట్టి రెండేళ్ళు బలం ఉంటుంది. రైతు వాళ్ళకు ఇంత గింజ ఇస్తాడు, పూటకింత అంబలి పోస్తాడు. కానీ ఎవరి చేలో దిగాలన్నది రైతు చేతిలో లేదు, మందకు పెద్దయిన ముసలాయన చేతిలో ఉంది. ముందు ఆయన వచ్చి చేను చూస్తాడు, మనిషిని చూస్తాడు. నచ్చితే దిగుతారు. లేకపోతే "చూస్తాంలేప్పా" అని వెళ్ళిపోతారు. ఆ మాటకు అర్థం రామని.

ఆ ముసలాయన మందంతా మా తోడికోడలి చేలోనే దిగేది.

మా తోడికోడలిని నేను అక్కా అంటాను. ఆమె నన్ను పాపా అంటుంది, కోపమొస్తే గోరంట్లామె అంటుంది. నా పుట్టిల్లు గోరంట్ల. మా నాయన అక్కడ బట్టల అంగడిలో పనిచేసేవాడు. అంగడి మెట్టెక్కిన మనిషిని ముందు కూర్చోబెట్టాలి, మంచినీళ్ళు ఇవ్వాలి, ఒక మంచి మాట అనాలి, ఆ తర్వాతే బట్ట విప్పాలి అనేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెత మా ఇంట్లో అన్నంతో పాటు వడ్డించేవాళ్ళు. నేను డిగ్రీ రెండేళ్ళు చదివి, పెళ్ళయి ఈ ఊరొచ్చాను. మా అక్క ఒక్క అక్షరం చదువుకోలేదు. గొంతెత్తితే చెరువు అవతలికి వినబడుతుంది. నోట్లో ఎప్పుడూ పొగాకు. కనబడ్డ చోటల్లా ఉమ్ముతుంది. ఎవరైనా ఇంటికొస్తే లేవదు, "ఏమప్పా, ఏం పనిబడె?" అంటుంది. అలాంటి మనిషి దగ్గర ఆ మంద ఎందుకు దిగుతుందో, ఇంత మర్యాద తెలిసిన నా దగ్గర ఎందుకు దిగదో నాకు అర్థమయ్యేది కాదు. నా కుళ్ళులో సగం ఆమె పచ్చదనం మీద, సగం ఆమె మోటుతనం మీద.

మొదటి ఏడు ఏం జరిగిందో చెబుతాను. భాగాలు పంచుకున్నాక అదే మొదటిసారి మంద రావడం. అక్క వాళ్ళ చేలో దిగాక ముసలాయన మా చేను చూడటానికి వస్తానన్నాడు. మా ఆయన షేర్ ఆటో తోలతాడు, ఆ రోజు కళ్యాణదుర్గం బాడుగకు పోయాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఇల్లు అలికి, ముగ్గు పెట్టి, పూర్ణం పెట్టిన ఓళిగలు చేశాను. వసారాలో కుర్చీ వేసి దాని మీద కొత్త తుండు పరిచాను. సాయంత్రం నాలుగింటికి ఆయన వచ్చాడు. నల్ల కంబళి, చెవులకు పోగులు, మోకాళ్ళ దాకా దుమ్ము, ఒంటి నిండా గొర్రెల వాసన. మంద మా చేను పక్క బీడులోనే మేస్తోంది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు, గోడవారగా గొంతుక్కూర్చున్నాడు. ఓళిగ పెడితే ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. మా నాయన నేర్పినట్టు, మిగిలింది మంచి మాటే కదా.

"తాతా, మీ గొర్రెలు ఎంత ముద్దుగా ఉన్నాయి. ఒక్కటీ బక్కది లేదు. నున్నగా మెరుస్తున్నాయి చూడండి" అన్నాను.

ఆయన తుంచుకున్న ముక్కను నమలడం ఆపాడు. నేను ఆగలేదు. ఆయన రాకముందే, పని తెలిసిన మనిషినని చూపించుకోవడానికి, మందను ఫోన్లో ఫోటో తీసి, పెద్దది చేసి, ఒక్కొక్క తలా లెక్కపెట్టాను. నా చేనికి ఎన్ని రోజులు పడుతుందో తేల్చడానికి అది కావాలనుకున్నాను.

"నాలుగు వందల పన్నెండు. సరిగ్గా చెప్పానా?" అంటూ ఫోన్ ఆయన ముందు పెట్టాను.

ఆయన ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. కంబళి భుజాన వేసుకుని లేచాడు. "చూస్తాంలేమ్మా" అన్నాడు. ఓళిగ ఆకులోనే ఉండిపోయింది.

సాయంత్రం మా ఆయన వచ్చి ఏమైందని అడిగితే, బాగా మర్యాద చేశానని చెప్పాను. ఏం మాట్లాడావని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మర్యాదగా మాట్లాడాననుకున్న మనిషి మాటకు మాట అప్పజెప్పదు కదా. ఆ మంద అక్క చేలో పన్నెండు రోజులు ఉండి, మా గెనిమ దాకా వచ్చి, అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగి వెళ్ళిపోయింది. మా అక్కే ఏదో చెప్పి ఉంటుందని నాకు ఆ రోజే గట్టిగా అనిపించింది. ఆ అనుమానాన్ని నేను కోడిపిల్లలా గంప కింద పెట్టి పెంచుకున్నాను.

రెండో ఏడు మా ఆయనతో కబురు పంపాను. "మీ సేనికి ఈ తూరి పడదులేప్పా" అన్నాడట ముసలాయన. పడకపోవడానికి ఇదేమైనా లగ్గమా? అక్క ఎక్కువ గింజ ఇచ్చి ఉంటుందని లెక్క వేశాను, చాటుగా సారా పోసి ఉంటుందని కూడా అనుకున్నాను. నేనూ తక్కువ తినలేదు. కళ్యాణదుర్గం పోయి, పెద్ద పెద్ద పూలున్న మెత్తటి దుప్పటి కొన్నాను. మా పాపకు కొనాలనుకుని వాయిదా వేసిన దుప్పటి అది. తీసుకెళ్ళి ముసలాయన చేతిలో పెట్టాను. ఆయన రెండు చేతులా అందుకున్నాడు. ఇంక ఈయన నా వాడే అనుకుంటూ ఇంటికొచ్చాను. మరునాడు చూస్తే ఆ దుప్పటి గొర్రెపిల్లల మీద ఉంది. మూడు పిల్లలు దాని కింద ముడుచుకుని, పూల మీద పెంటికలు వేసి పెట్టాయి. గెనిమ మీద నిలబడి మా అక్క పొగాకు నములుతూ ఆ పిల్లల వైపు చూస్తోంది. నవ్విందో లేదో నాకు తెలీదు, కానీ నవ్విందనే అనుకున్నాను. ఆ పూట అన్నం తినలేదు. ఆమె కూతురి చేత గిన్నెడు పప్పు పంపితే, మా ఇంట్లో ఉందని తిప్పి పంపాను.

కుళ్ళు ఎలాంటిదంటే, అది మనిషికి పని కల్పిస్తుంది. నేను రోజూ పొద్దున్నే లేచి ముందు ఆమె చేను చూసేదాన్ని, తర్వాతే నాది. ఆమె ఎరువు ఏం వేస్తుందో, కలుపు ఎప్పుడు తీస్తుందో అన్నీ నాకు తెలుసు. నా చేలో కలుపు మాత్రం రెండు రోజులు ఆలస్యమయ్యేది. ఊళ్ళో ఎవరైనా "మీ అక్క సేను బో బాగుండాదే" అంటే నవ్వి, అవునని, ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తి కుదేసేదాన్ని. ఆమె చేను ఎండిపోవాలని ఎప్పుడైనా కోరుకున్నానా అంటే, కోరుకున్నాను. దేవుడి ముందు దీపం పెట్టి కూడా కోరుకున్నాను.

మూడో ఏడు కూడా మంద గెనిమ దాటలేదు, కాయ సగానికి సగం గింజ పట్టక లొట్టలు పోయింది. ఆ ఎండాకాలం మా ఆయన ఆటో తుడుస్తూ తుడుస్తూ, నా వైపు తిరక్కుండానే చెప్పాడు.

"ఈ తూరి మంద దిగకపోతే సేను బీడు పెడదాం. నేను బెంగుళూరు పోతా. ఆడ కట్టడాల కాడ కావిలికి మనుషులు కావల్ల అంటాండారు. మాట్లాడినా."

"మరి నేనూ పాపా?"

"ఈడే ఉండండి. యాడికి వస్తారు? రేకుల కొట్టంలో నలుగురు మొగోళ్ళు పడుకునే తావు అది."

పెంటికలు ట్రాక్టరుకు కొనే స్తోమత మాకు లేదు. మంద దిగాలి, లేదా మనిషి పోవాలి. మా వీధిలో అలా పోయిన ఇళ్ళు చాలానే ఉన్నాయి. పండక్కి వచ్చే భర్తలు రెండో రోజు నుంచే ఫోన్లు చూసుకుంటూ, వాకిట్లో చుట్టాల్లా కూర్చుంటారు. నాకు ఆ బతుకు వద్దు.

ఆ ఏడు మంద వచ్చిన నాలుగో రోజు తెల్లవారుతుండగా నేను చెంబు పట్టుకుని బయల్దేరాను. చెంబు వంక మాత్రమే. మా అక్క ఆ ముసలాయనకు ఏం ఇస్తుందో, ఏం మందు పెడుతుందో కళ్ళారా చూడాలని పోయాను. గెనిమ మీదున్న కానుగ చెట్టు వెనక నక్కి కూర్చున్నాను. నలభై ఏళ్ళ మనిషిని, డిగ్రీ రెండేళ్ళు చదివినదాన్ని, చెట్టు చాటున దొంగలా కూర్చోవడానికి నాకు ఆ రోజు సిగ్గు కూడా వెయ్యలేదు.

మా అక్క మసిబట్టిన సత్తు గిన్నెలో అంబలి తెచ్చింది. కుర్చీ లేదు, తుండు లేదు. మంద వైపు వీపు పెట్టి కటిక నేల మీద చతికిలబడింది. ముసలాయన ఎదురుగా కూర్చున్నాడు. ఆమె మొదలుపెట్టింది.

"ఏమప్పా, ఇవి గొర్రెలా, ఎలకలా? యాడ మేపినావు వీటిని, బండల మీదనా?"

ఇంక ఈమె పని అయిపోయిందని నాకు సంతోషం వేసింది. ముసలాయన లేచిపోలేదు. అంబలి గిన్నె కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"ఏం మేపేదిలేమ్మా. అన్నీ తెవుళ్ళవే. సంతకు తోలినా ఎవురూ ముట్టుకోరు" అన్నాడు.

"ఆ పొట్టేలు ఇంకా సావలేదా? పోయినేడే పోతాదనుకుంటి."

"అది ఈ వారమో వచ్చే వారమో. నడిసేకి కూడా చాతగావడంలేదు దానికి."

ఆయన చెయ్యి వేసి నిమురుతున్న ఆ పొట్టేలు మెడ నా రెండు చేతులకు అందదు. నిమురుతూ నిమురుతూ ఆయన మొహం వెలిగిపోతోంది. పెళ్ళిపందిట్లో కూతురి గురించి మంచి మాటలు వింటున్న తండ్రి మొహం అది. మా అక్క తల తిప్పకుండానే పక్కకు తుపుక్కుమని ఉమ్మింది. ఆయన కూడా ఉమ్మాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

నాకు అప్పుడు తట్టింది. తట్టడానికి మూడేళ్ళు పట్టినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. నాకు తెలియని సంగతా ఇది? మా పాప పుట్టినప్పుడు చూడటానికొచ్చిన ఒకామె "ఎంత తెల్లగుందో" అంటే, ఆమె గడప దాటగానే మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది నేను కాదా? పాప బుగ్గ మీద అణా కాసంత కాటుక చుక్క పెట్టి, అందంగా ఉన్నదాన్ని వికారం చేసి బయటికి ఎత్తుకుపోయింది నేను కాదా? అంతెందుకు, మా ఆయనకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు పోతే, ఈయన పుట్టగానే మా అత్త చాటెడు తవుడుకు పక్కింటామెకు అమ్మేసి మళ్ళీ కొనుక్కుంది. తవుడు ఖరీదు చేసే పిల్లాడి మీద ఎవరి కన్నూ పడదని. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆమే చెప్పింది, విని నవ్వాను కూడా. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందన్న మాట నాకు నోటికొచ్చు. కానీ అదంతా బిడ్డలకు సంబంధించిందని అనుకున్నాను. ఆ ముసలాయనకు బిడ్డలెవరో నేను చూడలేదు. ఆయన కంబళి చూశాను, కాళ్ళ దుమ్ము చూశాను, కుర్చీలో కూర్చోలేదని చూశాను. ఆయన బిడ్డల ముందు నిలబడి, మెరిసిపోతున్నారని పొగిడి, ఒక్కొక్కరిని వేలు పెట్టి లెక్కపెట్టి, ఇంతమంది కదా అని మొహాన అడిగాను. ఆ పని నా ఇంటికొచ్చి నా పాపకు ఎవరైనా చేసుంటే చీపురు తిరగేసి ఉందును.

మా అక్క ఇంటికి పోయేదాకా ఆగి ముసలాయన దగ్గరికి వెళ్ళాను. ఏం అనాలో దారంతా నేర్చుకున్నాను. తీరా ఎదురుగా నిలబడేసరికి నోరు తిరగలేదు. పొగడటం తప్ప నేర్చుకోని నోరు అది. మందకు వీపు పెట్టి నిలబడ్డాను.

"తాతా, మీ గొర్రెలు... ఏం బాగలేవు" అన్నాను. బడిలో పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది. "బక్కగా ఉన్నాయి. చూడటానికి కూడా అసహ్యంగా ఉన్నాయి."

ఆయన గడ్డం లోపల ఎక్కడో చిన్న నవ్వు కదిలి ఆగిపోయింది.

"కూకో పాపా" అన్నాడు. నేను నేల మీద కూర్చున్నాను. చీర గురించి ఆలోచించలేదు.

"నువ్వు తలకాయలు లెక్కబెట్టిన తొమ్మిదో దినానికి మూతి వాపు తగిలింది మందకు. శానా పోయినాయి. ఎన్ని అని నేను చెప్పను. నీ వల్లనేనని కూడా నేననను. గాలికొచ్చిన రోగం, చుట్టుపక్కల మందలకూ తగిలింది. కానీ మా ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోల్లేదు, ఆ సేన్లో ఇంక కాలు పెట్టొద్దు అనిరి."

"తెలియక అన్నాను తాతా."

"తెలీకనే అంటివి. నువ్విచ్చిన దుప్పటి చూసినప్పుడే అనుకుంటి, మనిషి చెడ్డది కాదని. ఆ పొద్దు పుట్టిన పిల్లలకు కప్పినాం దాన్ని. అంత మెత్తది మా వంటి మీద కప్పుకుంటే ఏమొస్తాది?"

ఆ దుప్పటి కోసం నేను ఒక పూట పస్తు పడుకున్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. గింజ ఎంతైనా ఇస్తానని, ఈ ఒక్కసారి దిగమని అడిగాను. మా ఆయన బెంగుళూరు సంగతి కూడా చెప్పాను.

"దుడ్లిస్తాం, గింజలిస్తాం అని శానామంది పిలుస్తారు పాపా. దాని కోసరం కాదు మంద దిగేది. రేపు పొద్దుగూకినాక వల మారుస్తాం. తొమ్మిది దినాలు ఉంటాం." అంబలి గిన్నె నా వైపు జరిపాడు, మిగిలింది తాగమని. తాగాను. తర్వాత ఆయన మామూలుగా, ఏమీ కానట్టు అన్నాడు. "నేను ఆ ఏడే మీ అక్కకు చెప్పినా గదా. ఆ పాపకు తెలీదు, ఇట్ల అనకూడదని నువ్వన్నా చెప్పుమ్మా, మళ్ళీ ఏడు వచ్చి చూస్తాం అంటి. ఆయమ్మ నీకు చెప్పలేదా?"

చెప్పలేదు అన్నాను. గిన్నె ఆయన ముందు పెట్టి లేచాను.

మరునాడు చెప్పినట్టే మంద మా చేలోకి దిగింది. మా ఆయన బాడుగ నుంచి వస్తూ దూరం నుంచే చూసి, ఆటో రోడ్డు మీదే ఆపి పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేసినావే?"

"తిట్టాను."

"ఎవుర్ని?"

"గొర్రెల్ని."

ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. నెలల తర్వాత నవ్వాడు. మొదటేడు ఏం మాట్లాడానో అప్పుడు చెప్పాను. "అయ్యో, నాలుగు వందల పన్నెండా?" అని తల పట్టుకున్నాడు. బెంగుళూరు మాట ఈ పంట చూశాక అనుకుందామన్నాడు. నేను సంతోషపడాలి. పడలేదు. నా అనుమానం నిజమైంది కదా. ఆమెకు తెలుసు. మూడు పంటలు నా కళ్ళ ముందు ఎండిపోతుంటే, తెలిసి, నోట్లో పొగాకు పెట్టుకుని గెనిమ మీద నిలబడి చూసింది.

పొద్దున్నే పోయాను. ఆమె తన చేలో చెనిక్కాయ సాళ్ళ మధ్య వేసిన కంది కట్టెలు ఏరి మోపు కడుతోంది. గెనిమ ఇవతలే నిలబడి అడిగాను.

"నీకు తెలుసా అక్కా?"

ఆమె నా వెనక మా చేలో ఉన్న వలను ఒకసారి చూసింది. ఏం తెలుసని అడగలేదు.

"తెలుసు."

"మూడేళ్ళుగా?"

"మూడేండ్లుగా."

బుకాయిస్తుందని, దేవుడి మీద ఒట్టేస్తుందని అనుకుని, దానికి తగిన తిట్లన్నీ సిద్ధం చేసుకుని పోయాను. బుకాయించని మనిషిని ఎలా తిట్టాలో నాకు తెలీదు. ఎందుకు చెప్పలేదని మాత్రం అడగగలిగాను. ఆమె మోపు మీద కూర్చుంది. గొంతు ఎత్తలేదు. ఆమె గొంతు అంత కిందికి దిగగలదని నాకు తెలియదు.

"నిన్ను చూస్తే నాకు కడుపుమంట పాపా" అంది. ఎండ ఎక్కుతోంది అన్నంత మామూలుగా అంది. "నువ్వు ఈ ఇంట్లోకి వచ్చినకాణ్ణుంచి ఏ మాటకన్నా గోరంట్లామెను అడగండి, ఆయమ్మకు తెలుస్తాది, ఇదే. మా అత్త అదే అనె, నా మొగుడు అదే అంటాడు, నా కడుపున పుట్టిన పిల్ల కూడా అదే అంటాది. నీకు తెలీకుండా నాకు తెలిసింది ఈ గొర్రెల సంగతి ఒగటే. అది కూడా నీకు చెప్పేస్తే ఇంక నా దగ్గర ఏముంటాది?"

"నా మొగుడు ఊరొదిలి పోయేవాడు అక్కా."

"తెలుసు. ఈ వారం నిద్ర లేదు నాకు. ఈ పొద్దు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటాంటి. నోరు రాల్లేదు." ఆమె మోపు కట్టిన తాడు చివర వేళ్ళతో విప్పుతూ, మళ్ళీ ముడేస్తూ ఉంది. "మీ బావ ఊపిరాడక ఆసుపత్రిలో పండుకోనుంటే, చీటీ పట్టుకోని మీ గడప కాడికి వచ్చినా. నువ్వు టీ తాగుతాంటివి. తాగినాక చీటీ తీసుకున్యావు. చదివి, ఈ మాత్ర పొద్దున, ఈ మాత్ర రాత్రికి అని చెప్పినావు. బాగనే చెప్పినావు. నేను కాదనను. ఆ చీటే కాదు, పిల్ల బడి కాగితం, సచివాలయం కాగితం, ఫోన్లో వచ్చిన ముక్క, ఎన్ని తూర్లు నిలబడినానో మీ గడప కాడ. అన్నీ చదివినావు. ఒక్క తూరన్నా నా మొగం చూసినావా నువ్వు?"

ఆమె మోపు తలకెత్తుకుంటుంటే గెనిమ దాటి వెళ్ళి ఒక చెయ్యి వేశాను. ఆమె వద్దనలేదు. మంచి మాట కూడా ఏమీ అనలేదు.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. ఇద్దరికీ పంట అంతంతమాత్రమే, అయినా నా చేను ఆమె చేనికి తీసిపోలేదు. మా ఆయన ఊళ్ళోనే ఉన్నాడు. ఆమె మీద కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మూడు పంటలు చిన్న సంగతి కాదు, క్షమించేశానని రాస్తే అబద్ధం రాసినట్టే. కుళ్ళు కూడా పోలేదు, ఆమె చేను వైపు ఇప్పటికీ ముందు చూస్తాను.

కానీ ఆ రోజు ఇంటికొచ్చాక పనేమీ ముట్టుకోకుండా, లోపల కూర్చుని, మా గడప వైపు చూశాను. ఆమె అక్కడ నిలబడ్డ రోజుల్ని ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకోవాలని కూర్చున్నాను. ఆసుపత్రి చీటీ గుర్తొచ్చింది, డాక్టరు గొలుసు రాత గుర్తొచ్చింది, టీ చల్లారుతుందని లోలోపల విసుక్కున్నది కూడా గుర్తొచ్చింది. చీటీ పట్టుకున్న చేతి గాజులు గుర్తొచ్చాయి. మొహం మాత్రం, ఎంతసేపు కూర్చున్నా, ఒక్క రోజుది కూడా గుర్తు రాలేదు.